మూడున్నర గంటల తేడా

పదకొండుంపావుకి పిన్నిగారు ఆ చివరి గదిలో అడుగుపెట్టేసరికి, పెద్దాయన మంచం అంచున కూర్చుని తన కుడిచేతి వంక చూసుకుంటున్నాడు. చేతికి దెబ్బ లేదు, వాపు లేదు. అయినా అది ఎవరో అక్కడ మర్చిపోయి వెళ్లిన వస్తువులా ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు.

"ఈ చేత్తోనే ఇచ్చానమ్మా," అన్నాడు ఆవిడ కుర్చీ లాక్కోకముందే. "రెండుసార్లూ."

డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు మీద ఆవిడకి శుభ్రమైన పేరొకటి ఉంది. దాన్ని ఎవరూ చదవరు. ఆఫీసు తెరిచిన కొత్తలో అక్కకొడుకు కస్టమర్ల ముందే "పిన్నీ, నీకు ఫోన్" అని కేకలేసేవాడు. వాడు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు గానీ పిలుపు మాత్రం పోలేదు. ఇప్పుడు లాయర్లూ పిన్నిగారే అంటారు, దొంగలూ పిన్నిగారే అంటారు. ఆవిడకీ అదే బాగుంది. పిన్ని అన్నాక అబద్ధం చెప్పడానికి మనిషి కాస్త వెనకాడతాడని ఆవిడ నమ్మకం.

"మొదటినుంచీ చెప్పండి. గంటలతో సహా."

చెప్పాడు. ఈ వృద్ధుల విడిదిలో భార్యాభర్తలిద్దరూ మూడేళ్లుగా ఉంటున్నారు. ఆవిడ ఒకప్పుడు పాటల టీచరు. గుండె వేగం తగ్గించే మాత్ర రోజూ రాత్రి ఎనిమిదికి ఒకటి వేసుకోవాలి. గోడకి ఒక మాత్రల పెట్టె బిగించి ఉంది. టైముకి గంట మోగుతుంది, చిన్న తలుపు తెరుచుకుంటుంది, ఒక గిన్నెలో మాత్ర పడుతుంది. ఈయన తీసి ఇస్తాడు, ఆవిడ వేసుకుంటుంది. మొన్న మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి గంట మోగింది.

"నాలుగున్నరకి మీకు అనుమానం రాలేదా?"

"ఎండ ఇంకా ఉందేమిటి అనుకున్నాను. మా ఆవిడ కూడా 'ఇవాళ పొద్దు కుంకలేదేమిటండీ' అంది. కానీ పెట్టెకి తెలియదా అనుకున్నాం. మూడేళ్లలో ఒక్కనాడు తప్పలేదది. నా వాచీ తప్పిందిగానీ అది తప్పలేదు. మళ్లీ ఎనిమిదికి మోగింది. మళ్లీ ఇచ్చాను. మంచి బుద్ధిమంతురాలమ్మా, ఇస్తే వేసుకుంటుంది. తొమ్మిదింటికి పిలిస్తే పలకలేదు."

ఆవిడ రెండురోజులుగా ఆసుపత్రిలో ఉంది. ప్రాణభయం లేదన్నారు డాక్టర్లు. కళ్లు మాత్రం ఇంకా తెరవలేదు.

"నా చేత ఎవరు ఇప్పించారో నాకు చెప్పండి," అన్నాడు పెద్దాయన. "అంతే నేనడిగేది. నేను చేశానా, నా చేత చేయించారా."

పిన్నిగారికి ఏడుపొచ్చింది. ఆ సంగతి ఆవిడ దాచుకోలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్లింది.

కంప్యూటర్ల గురించి ఆవిడకి ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ కూడా లేదు. పెట్టెకి ఒక చిన్న గాజు తెర ఉంది, దాని మీద టైము అంకెల్లో కనిపిస్తోంది. ఇప్పుడు సరిగ్గానే ఉంది. వెనక నుంచి ఒక తీగ కిందకి దిగి ప్లగ్గులో దూరింది. పక్కగదికి వెళ్లి చూసింది. అక్కడి పెట్టె తీగ ఎర్ర చుక్క ఉన్న ప్లగ్గులో ఉంది. ఇంకో గదిలోనూ అంతే. మొత్తం పన్నెండు గదులు చూసి, ఆయాసపడుతూ చివరి గదికి తిరిగొచ్చింది. పదకొండు ప్లగ్గులకి ఎర్ర చుక్క ఉంది. ఇక్కడ లేదు.

డ్యూటీ నర్సుని పిలిచింది. "ఎర్ర చుక్క ఏమిటమ్మా?"

"జనరేటర్ లైను మేడమ్. కరెంటు పోయినా అవి ఆగవు. ఈ గది తర్వాత కట్టారు, దీనికి వెయ్యలేదు."

"మంగళవారం కరెంటు పోయిందా?"

"పోయింది. పొద్దున్న పదింటికి పోయి ఒకటిన్నరకి వచ్చింది. రిజిస్టర్లో ఉంది."

"నువ్వు డ్యూటీకి ఎన్నింటికి వచ్చావు?"

"సాయంత్రం ఆరింటికి. రాగానే చూశాను, ఈ పెట్టె తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఏదో తిక్క పట్టింది అనుకుని ఆరుకి తిప్పాను." నర్సు ముఖం పాలిపోయింది. "నేను తిప్పకపోతే రెండోసారి మోగేది కాదు కదా మేడమ్."

"తప్పు టైము చూసి సరిచేశావు. ఎవరైనా అదే చేస్తారు. ఏడవకు," అంది పిన్నిగారు, తన కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయన్న సంగతి మర్చిపోయి.

ఒక కాగితం ముక్క మీద రాసుకుంది. పది నుంచి ఒకటిన్నర: మూడున్నర గంటలు. ఆరు నుంచి తొమ్మిదిన్నర: మూడున్నర గంటలు. రెండింటి కిందా గీత గీసింది.

"ఇంకా లెక్కలు వేస్తున్నారా పిన్నిగారూ? కేసు ముగిసింది."

గుమ్మంలో టైబాబు నిలబడి ఉన్నాడు. పెట్టెలు తయారుచేసే కంపెనీ తరఫున విచారణకి వచ్చిన అధికారి. ఎంత ఉక్కపోతలోనైనా టై వదులు చెయ్యడు, అందుకే ఆ పేరు. ఇంతకు ముందు రెండు కేసుల్లో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. ఒకటి ఆవిడ గెలిచింది, ఒకటి అతను గెలిచినట్టు చెప్పుకున్నాడు.

"ముగిస్తే ముగించారు. ఎవర్ని పట్టుకున్నారేం?"

"పెట్టెలో గడియారం నడిపే ప్రోగ్రాం మాది కాదు. ఒకావిడ రాసింది. వాచీలు బాగుచేసే కొట్టు ఆవిడది. పదకొండు రోజుల క్రితం అందులో కొత్త లైన్లు చేర్చింది. దేని గురించో తెలుసా? కరెంటు పోయి వస్తే టైము ఎలా మార్చాలి అన్నదాని గురించి. మార్పుల పట్టీలో ఏం రాసిందో తెలుసా? 'కొన్ని చిన్న మార్పులు.' అంతే. దాచింది. ఒంటిగంటకి ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెడుతోంది. ఆ లైన్లు తనే వెనక్కి తీసుకుంటుంది. తీసుకున్నది నేరుగా మా పెట్టెల్లోకి వెళ్లేలా దారి కూడా పెట్టించాను, మధ్యలో ఎవరి ప్రమేయం లేకుండా. రెండింటికి పోలీసులు వస్తారు."

"పదకొండు గదుల్లో ఏమీ కాలేదు, ఈ ఒక్క గదిలోనే అయింది. అదెలాగ?"

"అదే చెబుతున్నాను. గురి చూసి కొట్టింది."

"పదకొండు గదుల్లో కరెంటు పోలేదు బాబూ. ఎర్ర చుక్క చూశారా?"

టైబాబు చూడలేదు. చూడలేదని చెప్పనూ లేదు.

"ఇంకోటి," అంది పిన్నిగారు కాగితం చూపిస్తూ. "కరెంటు మూడున్నర గంటలు పోయింది. గడియారం మూడున్నర గంటలు ముందుకెళ్లింది. చెడగొట్టాలనుకున్నవాడు ఇంత కచ్చితంగా చెడగొడతాడా? నాకైతే ఇది ఎవరో చాలా శ్రద్ధగా చేసిన తప్పులా ఉంది."

"శ్రద్ధగా చేసినా తప్పు తప్పే. సంతకం ఒంటిగంటకి." టై ముడి సర్దుకుని వెళ్లిపోయాడు.

వాచీ కొట్టు సందు చివర ఉంది. పన్నెండూ ఇరవైకి పిన్నిగారు లోపలికి వెళ్లేసరికి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఒంటి కంటికి భూతద్దం బిగించుకుని, నలభై అయిదేళ్లావిడ ఒక చేతిగడియారం విప్పుతోంది. గోడ నిండా గడియారాలు. అన్నీ ఒకటే టైము చూపిస్తున్నాయి. అది చూసి పిన్నిగారికి ఆవిడ మీద సగం అనుమానం అక్కడే పోయింది. బల్లకి అటుపక్క కంప్యూటర్ తెర, దాని పక్కన ఒప్పుకోలు పత్రం, దాని మీద బరువుగా ఒక చిన్న స్క్రూడ్రైవరు.

"మీరు వాళ్ల తరఫా?"

"కాదమ్మా. మందు వేసుకున్నావిడ భర్త తరఫు."

వాచీలావిడ భూతద్దం తీసేసింది. "ఆవిడకెలా ఉంది?"

ఎవరి తరఫో తెలియగానే అడిగింది అదే. పిన్నిగారు అది గుర్తుపెట్టుకుంది.

"ఇంకా లేవలేదు. ప్రమాదం లేదన్నారు. నువ్వు సంతకం పెడతావా?"

"నా చేతిపని వల్ల ఒక మనిషి పడిపోయింది. పెట్టకుండా ఎలా ఉంటాను?"

"పెట్టేముందు నాకొకటి చూపించు. నీ ప్రోగ్రాం నీ దగ్గర ఉన్న పెట్టెలో ఎలా నడుస్తుందో."

కొట్టులో పరీక్ష కోసం అలాంటి పెట్టె ఒకటి ఉంది. వాచీలావిడ ప్లగ్గు పీకింది. ఇద్దరూ పది నిమిషాలు ఊరికే కూర్చున్నారు. పిన్నిగారికి ఊరికే కూర్చోవడం చేతకాదు.

"నువ్వు రాసింది ఆ కంపెనీకి ఎలా చేరింది? అమ్మావా?"

"అమ్మడమేమిటండీ. నాలాంటివాళ్లు వేలమంది ఉన్నారు. ఎవరి తీరికలో వాళ్లు రాసి, అందరికీ కనిపించేలా పెడతాం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పంపిణీదారులని వేరే ఉంటారు. వాళ్లు మా అందరివీ ఏరి, పరీక్షించి, ఒకదానితో ఒకటి పేచీ పడకుండా సర్ది, ఒక్క మూటగా కట్టి పంపిస్తారు. కంపెనీలు ఆ మూట తీసుకుంటాయి. నా మొహం ఎవరూ చూడరు, తప్పు జరిగితే తప్ప."

"సర్దడమంటే? నువ్వు రాసింది మారుస్తారా?"

"అవసరమైతే మారుస్తారు. మార్చినది మాకు పంపడం మర్యాద. మేం మంచిదనుకుంటే మా దాంట్లో కలుపుకుంటాం. అప్పుడు వాళ్లు వాళ్లది తీసేస్తారు."

"నీకు పంపారా?"

ఆవిడ చిన్న స్క్రూ ఒకటి తీసి గిన్నెలో వేసింది. "నేను వాళ్ల మూటలు విప్పి చూడనండీ. ఏడేళ్లయింది చూడక."

పది నిమిషాలయ్యాయి. ప్లగ్గు పెట్టింది. తెర వెలిగింది. పన్నెండూ నలభై ఒకటి. గోడ మీద గడియారాలన్నీ పన్నెండూ నలభై ఒకటే.

పిన్నిగారు లేచి నిలబడింది. "అదీ! పది నిమిషాలు పోయింది, నీది పది నిమిషాలు కలిపింది. సరిగ్గా ఉంది. అక్కడ మూడున్నర పోతే ఏడు కలిపింది. నీ లైన్లు ఒకసారి కలిపితే, రెండోసారి కలిపింది ఎవరు?"

వాచీలావిడ చేతిలో పట్టకారు ఆగిపోయింది.

"ఆ మూట విప్పమ్మా," అంది పిన్నిగారు. "ఏడేళ్లయితే అయింది. ఇప్పుడు విప్పు."

అరగంటకి పైగా వెతికి, ఒంటిగంట దాటిన సంగతి కూడా మర్చిపోయి, వాచీలావిడ తెర మీద ఒక పేజీ తెరిచింది. ఆవిడ ప్రోగ్రాం పేరు, దాని కింద పంపిణీదారులు దాని మీద చేసిన సవరణల జాబితా. ప్రతి సవరణకీ ఒక చీటీ. ఎందుకు చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు. చివరి గడిలో ఒక ప్రశ్న: మూలకర్తకు పంపారా? పిన్నిగారు వేరే ప్రోగ్రాముల చీటీలు కూడా చూపించమంది. అన్నిట్లోనూ ఆ గడిలో 'పంపాం' అనో, 'అవసరం లేదు' అనో ఉంది.

ఇక్కడ ఒకే ఒక్క సవరణ ఉంది. ఆరేళ్ల పది నెలల క్రితంది. కారణం: కరెంటు పోయి వచ్చినప్పుడు గడియారం వెనకబడుతోంది, ఒక పెద్దాయనకి మందు ఆలస్యమైంది, పోయిన సమయం కలుపుతున్నాను. చేసినవారు: పిచ్చుక. మూలకర్తకు పంపారా?

'పంపలేదు. నాతో మాట్లాడొద్దన్నారు.'

వాచీలావిడ ఆ లైను వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెంపల మీదికి కారిన నీళ్లని మణికట్టుతో తుడుచుకుంది, వేళ్లకి నూనె ఉందని.

"ఎవరమ్మా ఈ పిచ్చుక?"

"మా తమ్ముడు. చిన్నప్పుడు ఈ బల్ల కిందే తిరిగేవాడు, స్క్రూలు ఏరుతూ. నేనే పెట్టాను ఆ పేరు. ప్రోగ్రాం ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. వాడు నాకు చెప్పకుండా తీసుకెళ్లి పంపిణీదారులకిచ్చాడు. పదిమందికీ పనికొస్తుందక్కా అన్నాడు. ఇంకా సరిగ్గా ఆరని పనిని బజార్లో పెట్టావని నేను మండిపడ్డాను. ఇకమీదట ఇందులో ఏం మార్చినా నాకు చెప్పకు, అసలు నాతో మాట్లాడకు అన్నాను. కోపంలో అన్నానండీ. వాడు అక్షరాలా విన్నాడు."

పిన్నిగారు నెమ్మదిగా కూర్చుంది. అంతా కళ్లముందు పరుచుకుంది. ఏడేళ్లుగా తమ్ముడు అక్క లోపాన్ని అక్కకి తెలియకుండా మూటలో సరిచేసి పంపుతున్నాడు. అది సరిగ్గా నడిచింది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు, కాబట్టి అక్కకి లోపం సంగతే తెలియలేదు. పదకొండు రోజుల క్రితం, మూట కాకుండా నేరుగా ఆవిడది వాడుకున్నవాళ్లెవరో దూరాన్నుంచి ఉత్తరం రాస్తే తెలిసిందని ఆవిడే చెప్పింది. తెలిసి, తన వైపు సరిచేసింది. 'కొన్ని చిన్న మార్పులు' అని రాసి ఊరుకుంది. ఆ మాటల్లో ఏముందో తమ్ముడు అడగలేదు, అడగొద్దన్నారు కాబట్టి. తన సవరణ దాని మీద మళ్లీ అతికించి పంపించేశాడు. ఒకే వంటలో ఇద్దరు ఉప్పు వేశారు. ఇద్దరూ సరిపడానే వేశారు.

"మరి దాపరికంగా రాశావని అంటున్నాడు ఆ టైబాబు."

"దాపరికం కాదు, సిగ్గు. ఏడేళ్లుగా నా ప్రోగ్రాంలో అంత పెద్ద తప్పుందని నలుగురికీ ఎలా చెప్పుకోను?"

"సరే. ఇతని ఫోన్ నంబరు ఈ చీటీలో ఉంది. నేను మాట్లాడతాను."

"వాడి పేరు బయటికి రానివ్వకండి," అంది వాచీలావిడ వెంటనే. "వాడి ఉద్యోగం పోతుంది. తప్పు నాదే అని రాయించండి."

"నువ్వు ఆగు కాసేపు," అంటూ పిన్నిగారు సందులోకి వచ్చింది.

మొదటి రింగుకే ఎత్తాడు. పిన్నిగారు తనెవరో చెప్పి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది.

"కొత్త వెర్షన్ పరీక్షించావా బాబూ?"

"పరీక్షించానండీ. అన్నీ పాసయ్యాయి. ప్లగ్గు పీకి చూసే పరీక్ష ఒక్కటీ లేదు. మార్పుల పట్టీ చూశాను, 'కొన్ని చిన్న మార్పులు' అని ఉంది. అక్క చిన్నవంటే చిన్నవే అనుకున్నాను. తన కోడ్ మొత్తం చదివితే తెలిసేదే. కానీ చదువుతుంటే తన గొంతు వినిపిస్తుందండీ నాకు. పైపైన చూసి వదిలేశాను. ఆవిడకెలా ఉంది, మందు వేసుకున్నావిడకి?"

అక్కా తమ్ముడూ అడిగేది ఒకటే ప్రశ్న అనుకుంది పిన్నిగారు.

"ప్రమాదం లేదట. నువ్వు నీ మీద వేసుకోకు."

"నాదేనండీ. మా అక్కది సరైన సవరణ, సరైన చోట ఉంది. అదనంగా ఉన్నది నాది. ఇదిగో, మీతో మాట్లాడుతూనే నాది తీసేశాను. అత్యవసరం గుర్తు పెట్టి పంపించాను. అయిదు నిమిషాల్లో అన్ని పెట్టెల్లోంచీ పోతుంది. మా అక్కని ఏమీ అనొద్దని చెప్పండి."

"మంచిపని చేశావు. లైన్లో ఉండు," అని పిన్నిగారు తృప్తిగా కొట్టులోకి తిరిగొచ్చింది.

వాచీలావిడ పత్రం మీద సంతకం పెట్టి, దాని ఫొటో తీసి టైబాబుకి పంపేసింది. కలం మూత పెడుతోంది.

"పంపించేశానండీ," అంది. ముఖం తేలికపడింది. "నా మార్పు వెనక్కి తీసేసుకున్నాను. కంపెనీ పెట్టిన దారిలో నేరుగా వెళ్లిపోయింది. ఇక వాడిదొక్కటే ఉంటుంది. వాడిది ఏడేళ్లుగా సరిగ్గా నడుస్తోంది కదా. నాది పోతే వాడి మీద మాట రాదు."

పిన్నిగారు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ఎప్పుడు పంపించావు?"

"ఒకటీ ముప్ఫైకి."

తమ్ముడు ఒకటీ ముప్ఫై ఒకటికి. ఆవిడ తీసింది, అతనూ తీశాడు. ఇప్పుడు పెట్టెల్లో అక్క సవరణా లేదు, తమ్ముడి సవరణా లేదు. ఏడేళ్ల నాటి తప్పు ఒక్కటే మిగిలింది. రెండుసార్లు కలిపేది పోయి అసలు కలపనిదే వచ్చింది. మంగళవారం మందు ఎక్కువైంది, ఈసారి వేళకి అందకుండా పోతుంది. తను ఫోన్ చేసి మేలు చేశాననుకుంది. తనే రెండో చెయ్యి కూడా తీయించింది.

సరిగ్గా అప్పుడే రెండో లైన్లో టైబాబు నుంచి ఫోన్ వచ్చింది.

"సంతకం అందింది. ధన్యవాదాలు పిన్నిగారూ. ఇక రెండింటికి కరెంటు తీసినా మాకు భయం లేదు."

"ఏమిటీ? రెండింటికి కరెంటు తీయడమేమిటి?"

"మరమ్మతుల కోసం తూర్పు వైపు మొత్తం రెండు గంటలు తీస్తున్నారు. వారం కిందే చెప్పారు. ఆ వైపు మా పెట్టెలు నాలుగువందల పన్నెండు. ఒంటరిగా ఉండేవాళ్ల ఇళ్లే ఎక్కువ. మధ్యలో ఆ మూటగట్టేవాళ్లు లేకుండా నేరుగా చేశాం కాబట్టి సరిపోయింది."

"బాబూ," అంది పిన్నిగారు, గొంతు పెంచకుండా. "మధ్యలో ఉన్న ఆ మూటగట్టే మనిషి ఏం చేశాడో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. మీరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు మీ నాలుగువందల పన్నెండు పెట్టెల్లో ఏదీ కరెంటు వచ్చాక సరైన టైము చూపించదు. ఫోన్ పెట్టి, మీ పెట్టెల్లో ఎన్నిటికి కొత్త సవరణ చేరిందో లెక్క చూసే మనిషిని తెర ముందు కూర్చోబెట్టండి. కారణం తర్వాత చెబుతాను. ఆ సంతకం కాగితం ప్రింటు తీసి ఉంటే అదీ చించెయ్యండి."

పిన్నిగారు మొదటి లైన్‌కి తిరిగొచ్చి సంగతి చెప్పగానే పిచ్చుక అరిచాడు. "అయ్యో! నాది మళ్లీ పెట్టేస్తానండీ!"

అదే క్షణంలో వాచీలావిడ కీబోర్డు మీదికి వంగింది. "నాది మళ్లీ పెట్టేస్తాను!"

"ఆగండి!" పిన్నిగారి కేకకి గోడ మీద ఒక గడియారం అదిరింది. "ఇద్దరూ చేతులు తీయండి! ఒక్కరూ ఏదీ ముట్టుకోకండి!"

ఇద్దరూ ఆగారు. ఒకటీ నలభై.

"ఇద్దరూ పెడితే మళ్లీ మంగళవారమే. ఇద్దరూ తీస్తే ఇదీ పరిస్థితి. మీరిద్దరూ మంచివాళ్లే తల్లీ, నాకర్థమైంది. ఒకరికోసం ఒకరు ప్రాణమిచ్చేలా ఉన్నారు. కానీ చెప్పుకోకుండా ఇస్తున్నారు. చెప్పుకోకుండా చేస్తే మీ మంచితనం కూడా మనిషిని పడగొడుతోంది." ఫోన్ స్పీకర్ మీద పెట్టి, తెల్లగుడ్డ మీద, స్క్రూల గిన్నె పక్కన ఉంచింది. "మాట్లాడుకోండి."

వాచీలావిడ ఫోన్ వంక చూసింది. ఒకటీ నలభై ఒకటి.

"అక్కా," అంది ఫోను. "నువ్వు వద్దంటే నేను మాట్లాడను. పిన్నిగారికి చెప్పు, ఆవిడ నాకు చెబుతారు."

ఆ మాటకి వాచీలావిడ భోరుమంది. ఏడుస్తూనే కుర్చీ ముందుకి లాక్కుని తెర మీద తమ్ముడి సవరణ తెరిచింది. కళ్లు తుడుచుకుంటూ ఒక్కో లైనూ చదివింది. ఎనిమిదో లైను దగ్గర ఆగింది.

"ఇదేమిట్రా? బ్యాటరీ చూస్తున్నావెందుకు?"

"లోపల బటన్ బ్యాటరీ అయిపోతే ఎంతసేపు పోయిందో లెక్క తప్పుతుంది కదక్కా. అప్పుడు టైము కలపకూడదు. తలుపు మూసేసి నర్సుకి కబురు పంపాలి."

"నాకు తట్టలేదది." చాలా మెల్లగా అంది. "నీదే బాగుంది. నాది తీసేసే ఉంచుతాను, నీది పెట్టు. ఏం చేస్తున్నావో పైకి చెబుతూ చెయ్యి."

"చెబుతూ చేస్తానక్కా. ఇదిగో, తెరుస్తున్నాను. నా సవరణ తిరిగి పెడుతున్నాను. నీ లైన్లు లేవు కదా?"

"లేవు. చూశాను. మళ్లీ చూస్తున్నాను. లేవు."

"ఈసారి ప్లగ్గు పీకే పరీక్ష కూడా పెట్టాను. పరీక్షకి వెళ్లింది. నాలుగు నిమిషాలు పడుతుంది."

ఆ నాలుగు నిమిషాలూ అక్కా తమ్ముళ్లు ఏమీ మాట్లాడుకోలేదు. ఏడేళ్ల మాటలు ఉన్నాయి, ఒక్కటీ ఆ నాలుగు నిమిషాల్లో పట్టేది కాదు. పిన్నిగారు స్క్రూల గిన్నెలో వేలు పెట్టి తిప్పుతూ నిలబడింది. వాచీలావిడ చూసి, గిన్నె మెల్లగా పక్కకి జరిపింది.

"పాసైంది," అంది ఫోను. "పంపుతున్నాను. ఒకటీ నలభై తొమ్మిది."

కొట్టు ఫోన్‌కి టైబాబు నుంచి లెక్కలు రావడం మొదలైంది. నూట నాలుగు పెట్టెలకి చేరింది. రెండువందల డెబ్భై. మూడువందల తొంభై ఎనిమిది. ఒకటీ యాభై ఏడుకి నాలుగువందల పన్నెండూ చేరాయి. ఈసారి అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. "పిన్నిగారూ, కాగితం చించేశాను, పోలీసుల్నీ రావద్దన్నాను," అన్నాడు. టై కూడా వదులు చేసి ఉంటాడని ఆవిడకి అనిపించింది.

వాచీలావిడ ఇంకా తెర ముందే ఉంది. తన ప్రోగ్రాంలో, తన వైపు, కొత్త లైన్లు చేరుస్తోంది. తమ్ముడివే, ఒక్క అక్షరం మార్చకుండా. మార్పుల పట్టీ దగ్గరకొచ్చేసరికి ఆగింది. ఈసారి 'కొన్ని చిన్న మార్పులు' అని రాయలేదు. ఏడేళ్లుగా తన ప్రోగ్రాంలో ఉన్న తప్పేమిటో, దాన్ని తనకంటే ముందు ఎవరు సరిచేశారో, అది తనకెందుకు తెలియలేదో అంతా రాసింది. ఎందుకు తెలియలేదన్న చోట 'నేను మాట్లాడొద్దన్నాను కాబట్టి' అని రాసింది.

"నాది విడుదలయ్యాక నీది తీసెయ్యాలి, గుర్తుందా?" అంది. "చెప్పాకే తియ్యి."

"చెప్పాకే తీస్తానక్కా."

తెర మీద పంపిణీదారుల పేజీ ఒకసారి మిణికింది. చీటీలో చివరి గడి మారింది. మూలకర్తకు పంపారా? 'పంపాను. తీసుకుంది.'

పిన్నిగారు తన ఫోన్ బల్ల మీదే వదిలేసి, కొట్టు ఫోన్ తీసుకుని వృద్ధుల విడిదికి చేసింది. "పెద్దాయనా, మీ చేతిది తప్పు కాదు. ఇంకో రెండు చేతులున్నాయి, వాటిదీ చెడ్డ ఉద్దేశం కాదు. వచ్చి అంతా చెబుతాను. ఈలోగా ఆసుపత్రికి వెళ్లి ఆ చేత్తోనే మీ ఆవిడ చెయ్యి పట్టుకోండి."

ఫోన్ పెట్టేలోపే టైము రెండైంది. గోడ మీద గడియారాలన్నీ ఒక్కసారి కొట్టాయి. ఫ్యాను ఆగింది, దీపం ఆరింది, కంప్యూటర్ తెర నల్లబడింది. పరీక్ష పెట్టె మీద అంకెలు మాయమయ్యాయి. తూర్పు వైపు నాలుగువందల పన్నెండు ఇళ్లలోనూ ఇప్పుడు అలాగే మాయమై ఉంటాయి. మళ్లీ ఎలా వెలుగుతాయో తెలియడానికి రెండు గంటలు ఆగాలి. ఇక చెయ్యగలిగింది ఎవరి చేతిలోనూ లేదు. మసక వెలుతురులో తెల్లగుడ్డ మీద పిన్నిగారి ఫోన్ ఒక్కటే వెలుగుతోంది.

"అక్కా? కరెంటు పోయిందా?"

"పోయింది."

"మరి... ఉంచనా, పెట్టెయ్యనా?"

వాచీలావిడ వంగి, ఫోన్‌ని తన దగ్గరికి లాక్కుంది.

"పెట్టెయ్యకు," అంది. "వచ్చేదాకా లైన్లోనే ఉండు."